వెండి చొక్కాల వేగం

తాళంచెవి ఇవ్వనంటే ఇవ్వనంది చొక్కాలక్క.

కూతురు చెయ్యి చాపి నిలబడే ఉంది. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చాక తల్లి వీపు మంచానికి ఆనిందో లేదో, అప్పుడే ఈ పేచీ. ఎడమ చెయ్యి దుప్పటి మీద ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉంది. ఎడమ కాలు సంగతీ అంతే. కుడి చెయ్యి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. టైలరు షాపు తాళంచెవి ఆ పిడికిట్లోనే ఉంది. పక్షవాతం ఏదైనా పొరపాటు చేసిందంటే అది ఆ చేతిని వదిలెయ్యడమే.

"అమ్మా, ఓనరు మంచివాడు కాబట్టి అడుగుతున్నాడు. చెప్పుల షాపు పెట్టుకుంటామని ఎవరో ఆ గది కోసం తిరుగుతున్నారట. నువ్వు కుట్టడమే లేనప్పుడు ఆ గది దేనికి చెప్పు?"

"కుట్టడం లేదని ఎవరన్నారే?"

"కాలు కదలట్లేదు కదమ్మా!"

"కదలట్లేదు. ఇక కదలదని ఎవరన్నారు?"

కూతురు రక్తపరీక్షలు చేసే చోట పనిచేస్తుంది. సూది చూడగానే గోల చేసేవాళ్ళను పొద్దస్తమానం బుజ్జగించడమే ఆమె ఉద్యోగం. ఆ ఓర్పంతా తల్లి దగ్గరికొచ్చేసరికి ఎటు పోతుందో తెలియదు. ఇద్దరిదీ ఒకటే మొండితనం మరి. మంచానికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు అంతే తేడా.

"సరే, ఎప్పటికి కదులుతుందో నువ్వే చెప్పు."

చొక్కాలక్క పైకప్పు వంక చూస్తూ లెక్క వేసుకుంది.

"బడులు తెరిచే రోజుకి. ఆ రోజు నువ్వు షాపుకి రా. నీ కళ్ళముందే నా కాలితో మిషను తొక్కి, ఒక చొక్కాకి పక్క కుట్టు వేస్తాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా, దారం తెగకుండా. వెయ్యలేకపోతే తాళంచెవి నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను. అప్పటిదాకా ఆ చెప్పులవాళ్ళని గుమ్మం బయటే ఆగమను."

కూతురు చాపిన చెయ్యి దించింది. అమ్మ నోటి నుంచి ఒక మాట వచ్చాక దాన్ని వెనక్కి తీయించిన మనిషి ఇంతవరకూ లేడు. ఉన్న ఒక్క నాన్న కూడా ఆ ప్రయత్నం చెయ్యకుండానే పోయాడు.

చొక్కాలక్క అనే పేరు ఆమె కుట్టి సంపాదించుకున్నది. ఆమె వయసులో ఉన్న రోజుల్లో ఊరికి ఒక పాటల పిచ్చి పట్టింది. సముద్రాల అవతల ఏదో దేశంలో ఇద్దరు ఆడవాళ్ళు తళతళలాడే వెండిరంగు చొక్కాలు వేసుకుని డిస్కో పాటలు పాడేవారు. ఆ జంట పేరు క్యాసెట్టు మీద పొడుగ్గా, మెలికలు తిరిగిన పరాయి అక్షరాల్లో ఉండేది. చదవబోయిన ప్రతివాడికీ నాలుక మడతపడేది. ఆ తలనొప్పంతా ఎందుకని చివరికి అందరూ 'వెండి చొక్కాలు' అనేశారు. వెండి చొక్కాల కొత్త క్యాసెట్టు వచ్చిందట, వెండి చొక్కాల రెండో పాట విన్నావా, ఇవే కబుర్లు. పాటలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా కుర్రకారు ఆ పాటలంటే చెవి కోసుకునేవారు. సైకిళ్ళ షాపులో అదే పాట, మంగలి షాపులో అదే పాట, బస్సు ఎక్కితే అదే పాట. సినిమా హాలు వెనక ఉన్న పాత గోదాములో శనివారం సాయంత్రాలు డాన్సులు. పెద్దవాళ్ళు కొంపలు మునిగిపోయాయన్నారు. కొంపలు ఏమీ మునగలేదు, గోదాము నేల మాత్రం కొంచెం గుంటలు పడింది.

డాన్సుకు వెళ్ళాలంటే వెండి చొక్కా ఉండాలి. వెండి చొక్కా ఎక్కడా దొరకదు. అప్పుడే కొత్తగా కాలి మిషను పెట్టుకుని, రిపేరు బట్టలు తప్ప ఏమీ రాక ఈగలు తోలుకుంటున్న ఈ పిల్ల దగ్గరికి ఎవరో క్యాసెట్టు అట్ట పట్టుకొచ్చారు. అరచేతిలో సగం కూడా లేని బొమ్మ. దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని, కళ్ళు చికిలించి, కాలరు ఎంత వెడల్పు, చేతులు ఎక్కడ ఉబ్బాయి, నడుము ఎక్కడ బిగించారు అని లెక్క కట్టి, కోట్ల లోపల వేసే మెరుపు గుడ్డతో కుట్టేసింది. ఒక్కటే చిక్కు. బొమ్మలో వాళ్ళు ఎదురుగా నిలబడి ఉన్నారు. వీపు ఎలా ఉంటుందో దేవుడికే తెలియాలి. డాన్సులో చేతులు పైకెత్తుతారు కదా, పట్టెయ్యకుండా ఉండాలని వెనక భుజాల కింద రెండు మడతలు వేసింది. ఊళ్ళో ప్రతి వెండి చొక్కాకీ ఆ రెండు మడతలు ఉండేవి. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో పత్రికలో ఆ జంట వీపు కనిపించే ఫొటో చూపించారు. అసలు చొక్కాకి వెనక గుడ్డే లేదు, అడ్డంగా రెండు తాళ్ళు ఉన్నాయి. "నా మడతలే మర్యాదగా ఉన్నాయి," అని తేల్చేసింది చొక్కాలక్క.

ఆ చొక్కాలతోనే షాపు నిలబడింది. కాలరు కుదరలేదని వంక పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వచ్చిన ఒక కస్టమరు ఆ తర్వాత మొగుడయ్యాడు. వెండి చొక్కాల మోజు మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. గోదాములోకి సిమెంటు బస్తాలు వచ్చాయి. చొక్కాలు కొన్నాళ్ళు ఇళ్ళలో మసిగుడ్డలుగా ఉండి, అవీ పోయాయి. పాట మాత్రం ఆమె మిషను దగ్గర ఆగిపోయింది. టేపు రికార్డరు పాడైపోయి మూలన పడ్డాక కూడా ఆమె కాలు ఆ పాటకే పెడలు తొక్కేది. ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, పెడలు మీద రెండూ కలిసి. దారిన పోయేవాళ్ళు మిషను చప్పుడు విని "ఇవాళ మొదటి పాట తొక్కుతోంది", "ఇవాళ ఏదో తొందరలో ఉంది, రెండో పాట" అనుకునేవారు. యూనిఫారాల కాలంలో అయితే ఆ షాపులోంచి డిస్కో ఆగేదే కాదు. ఆమె బతుకు బరువు మోసింది ఆ కాలూ ఆ పాటే అంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

అలాంటి కాలు ఒక మధ్యాహ్నం కాలరు కత్తిరిస్తుండగా మాట వినడం మానేసింది.

ఇంటికొచ్చాక కూతురు ఊరుకోలేదు. పందెం పందెమే అయినా తల్లి మీద జాలి ఎక్కడికి పోతుంది? తల్లితోనే షాపు తలుపు తీయించి మిషనుకు మోటారు పెట్టించింది. "కాలితో పనే లేదమ్మా, బటన్ నొక్కితే అదే కుడుతుంది." చొక్కాలక్క అయిష్టంగానే కూర్చుంది. మోటారు బుర్రుమని పరిగెత్తింది. దానికి ఈ మనిషి ఎడమ చెయ్యి నిద్రమత్తులో ఉందని ఎవరు చెప్పాలి? గుడ్డను జరపాల్సిన వేలు జరపడం మరిచిపోయి సూది కిందే ఉండిపోయింది. సూది గోట్లోంచి దిగింది. లోకంలో అందరికీ సూదులు గుచ్చే కూతురు ఆ వేలు చూసి గోడకు చేరగిలబడిపోయింది. మోటారును తానే ఊడదీయించి పంపేసింది.

"చూశావా?" అంది చొక్కాలక్క, కట్టు కట్టిన వేలు ఎత్తి చూపిస్తూ. "నా కాలైతే నా చెయ్యి కోసం ఆగేది."

ఆ కాలికి బుద్ధి చెప్పడానికి రోజూ పొద్దున్నే కసరత్తులు చేయించే అమ్మాయి వచ్చేది. నెమ్మదైన పిల్ల. కాలు ఎత్తించడం, దించడం, గోడ పట్టుకుని నిలబెట్టడం. చొక్కాలక్క చెప్పినదానికి రెట్టింపు చేసేది, తర్వాత సాయంత్రం దాకా మూలిగేది. ఒకరోజు ఆ అమ్మాయి అంది:

"ఆంటీ, కాలు ఎప్పుడు ఎత్తాలో దానికి గుర్తు రావట్లేదు. పాట పెట్టుకుని చేస్తే కొంతమందికి బాగా వస్తుంది. మీకు బాగా అలవాటైన పాట ఏదైనా ఉందా?"

చొక్కాలక్క ముఖం వెలిగిపోయింది. ఈ ముక్క తనకే ఎందుకు తట్టలేదా అనిపించింది. "ఉంది! వెండి చొక్కాలు!"

అమ్మాయి ఫోనులో ఎంత వెతికినా వెండి చొక్కాలు దొరకలేదు. అమ్మకానికి నిజం చొక్కాలు మాత్రం బోలెడు దొరికాయి. ఆఖరికి చొక్కాలక్కే ఫోను మూతి దగ్గర పెట్టుకుని తననన తననన అని రాగం తీసింది. ఫోను కాసేపు ఆలోచించి పాట పట్టుకుంది.

పాట మొదలైంది. చొక్కాలక్క కాలు ఎత్తబోయి ఆగిపోయింది.

"ఇది ఆ పాట కాదు."

"ఇదే ఆంటీ. ఫొటో చూడండి, వెండి చొక్కాలేగా."

"ఫొటో వాళ్ళదే. గొంతు వాళ్ళది కాదు. నా పాట సన్నగా, చలాకీగా ఉంటుంది. ఇదెవరో జలుబు చేసినట్టు పాడుతున్నారు. పైగా నిద్రపోతూ పాడుతున్నారు!" ఆమె ఒంటికాలి మీద లేచింది. ఆ మాట ఆ రోజు ఉన్నదున్నట్టు నిజం, రెండో కాలు ఎలాగూ లేవదు. "ఎవరో దొంగ పాట పాడి వీళ్ళ బొమ్మ అంటించారు. అన్యాయం కాదూ? పద, క్యాసెట్ల తమ్ముడి దగ్గరికి."

క్యాసెట్ల తమ్ముడి షాపు టైలరు షాపుకు ఎదురుగానే. ఇప్పుడు అందులో ఫోను కవర్లు, చార్జర్లు తప్ప క్యాసెట్టన్నది లేదు, పేరు మాత్రం మిగిలింది. ఆ రోజుల్లో ఊరందరికీ పాటలు కాపీ చేసి ఇచ్చింది అతనే. వాకరు పట్టుకుని, చెమటలు కక్కుతూ, కసరత్తుల అమ్మాయి వద్దంటున్నా వినకుండా రోడ్డు దాటి వస్తున్న చొక్కాలక్కను చూసి అతను గబగబా స్టూలు వేశాడు.

"ఏంటక్కా, కబురు పెడితే నేను రానా?"

"నువ్వొస్తే నా కాలు నడుస్తుందా? ఇది విను. ఈ దొంగ పాట ఎవడిదో చెప్పు."

అతను విన్నాడు. తల ఆడించాడు. మీసాల్లో నవ్వుకున్నాడు.

"అసలుది ఇదే అక్కా. మనం విన్నదే దొంగది."

"ఏం కూస్తున్నావురా?"

"కూతలేం కాదు. వాళ్ళ పాటలన్నీ ఒక క్యాసెట్టులో పట్టేవి కావు. చివరి పాట మధ్యలో టేపు అయిపోయేది. జనం నా మీద పడి తిట్టేవాళ్ళు. నేనేం చేశాను? పాట వాయించే మిషనులో మోటారుకి చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని కొంచెం తిప్పాను. పాటలన్నీ కాస్త పరిగెత్తాయి. హాయిగా అన్నీ పట్టేశాయి. పరిగెత్తితే గొంతు కూడా సన్నబడుతుంది, అదో అందం. ఊరందరికీ నేనే కదా కాపీ చేసిచ్చాను!" అతను ఇందులో సిగ్గుపడాల్సింది ఏమైనా ఉందనుకున్నట్టు లేదు. "నిజం చెప్పు అక్కా, ఆ వేగానికి గోదాములో ఎలా ఎగిరేవాళ్ళం!"

చొక్కాలక్కకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ తన కాలు తొక్కింది ఎవరి పాట? ఈ మీసాలవాడు తిప్పిన స్క్రూ పాటా? మమ్మల్నందరినీ ఊరికే పరిగెత్తించావు కదరా అని అరవాలనిపించింది. అరిచింది కూడా. అరిచాక, మరుక్షణంలోనే, "ఆ క్యాసెట్టు ఒక్కటైనా ఉందా?" అని అడిగింది.

"ఒకటి దాచాను. రిపేరుకొచ్చిన టేపు రికార్డరు కూడా ఉంది, పాడుతుంది."

"అయితే అవి రెండూ నా షాపులో పెట్టు. అసలుది వాళ్ళనే ఉంచుకోమను. నా కాలికి తెలిసింది నకిలీదే."

మర్నాడు పొద్దున మళ్ళీ షాపు తలుపులు తెరిచారు. దుమ్ము దులిపారు. మిషనుకు నూనె వేశారు. క్యాసెట్ల తమ్ముడు టేపు రికార్డరు తెచ్చి గుండీల డబ్బాల పక్కన పెట్టి నొక్కాడు. గర్రుమని ఒక గరగర, దాని వెనకే పాట. సన్నగా, చలాకీగా, పరుగులు పెట్టుకుంటూ వచ్చింది. చొక్కాలక్క కళ్ళు చెమ్మగిల్లాయి. గోదాములో దుమ్ము వాసన, ఒంటికి గుచ్చుకునే మెరుపు గుడ్డ, తన రెండు మడతలు వేసుకుని తిరిగిన ఆడపిల్లలు, తలుపు దగ్గర నిలబడి తననే చూసిన కాలరు కుదరని మనిషి, అంతా వచ్చేసింది. ఎంత సంతోషం వేసిందంటే కాలు బాగాలేదన్న సంగతే మరిచిపోయి పెడలు మీద పెట్టేసింది.

కుడి కాలు పాట వెంట పరిగెత్తింది. ఎడమ కాలు ఇంకా మొదటి తాళం దెబ్బ దగ్గరే ఉంది. ఒకటి కిందికి, ఒకటి పైకి. ముందుకు తిరగాల్సిన చక్రం గిర్రున వెనక్కి తిరిగింది. దారం ఫట్టున తెగింది.

దారం ఎక్కించుకుంది. మళ్ళీ తెగింది. కాలి మిషను నేర్చుకునే కొత్తలో చక్రం వెనక్కి తిరగని మనిషి ఉండదు. ఎంతోమంది ఆడపిల్లలకు ఈ షాపులోనే కుట్టు నేర్పింది, వాళ్ళు ఇలాగే దారాలు తెంపుతుంటే నవ్వింది కూడా. ఇప్పుడు ఆ నవ్వు ఎవరు నవ్వుతారోనని చుట్టూ చూసింది. రోజంతా అదే పని. మర్నాడూ అదే. పాట పరిగెడుతూనే ఉంది, పిలుస్తూనే ఉంది, ఎడమ కాలు దాన్ని అందుకోలేకపోతోంది. మూడో రోజు పొద్దున, ఎలాగైనా అందుకోవాలని ఒళ్ళంతా ఊపి తొక్కేసరికి ఎడమ మడమ పెడలు మీంచి జారింది. స్టూలుతో సహా పక్కకి ఒరిగి గుడ్డల కుప్ప మీద పడింది. దెబ్బ తగల్లేదు. పడ్డచోటే కాసేపు ఉండిపోయి కోపంతో ఏడ్చింది. కాలి మీద కోపం, పాట మీద కోపం, తనను మెడ పట్టుకుని ముసలితనంలోకి తోసేసిన ఆ మధ్యాహ్నం మీద కోపం.

సాయంత్రానికి కూతురికి తెలిసిపోయింది. క్యాసెట్ల తమ్ముడి నోట్లో నువ్వుగింజ నానదు.

"చాలమ్మా. నీకు దండం పెడతాను. ఇంకోసారి పడితే తుంటి విరుగుతుంది. అప్పుడు నేనేం చెయ్యాలి?" కూతురిది పేచీ పెట్టే గొంతు కాదు, భయం.

చొక్కాలక్క ఆ భయం చూసింది. తాళంచెవి తీసి ఇచ్చేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కుడి చెయ్యి తలగడ కిందికి కూడా వెళ్ళింది. వెళ్ళి, ఖాళీగా తిరిగొచ్చింది.

"బడులింకా తెరవలేదు కదే," అంది.

తెల్లారి కసరత్తుల అమ్మాయి రాగానే, "నీ ఫోనులో ఉన్న ఆ ముసలి పాట పెట్టు," అంది.

"కాలు ఎత్తుదామా ఆంటీ?"

"ఆగు. ముందు విననీ."

కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరి దాకా వింది. తిట్టుకుంటూ మొదలుపెట్టి, తిట్లు మధ్యలో మరిచిపోయింది. ఈ పాటలో ఆమెకు తెలియనివి ఎన్నో ఉన్నాయి. ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య పాడే ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఆ పరుగులో ఆ ఊపిరి ఎప్పుడూ వినపడలేదు. పైగొంతు కింద ఇంకో గొంతు ఆనుకుని నడుస్తోంది, అలసిన మనిషికి భుజం ఇచ్చినట్టు. అన్నిటికంటే వింత, ఆ గొంతులు ఆడపిల్లలవి కావు. ఇన్నేళ్ళూ వాళ్ళు తనకంటే చిన్నవాళ్ళనీ, గంతులేసే పిల్లలనీ అనుకుంది. ఇవి బరువులెత్తిన గొంతులు. ఇల్లు నడిపి, పిల్లల్ని పెంచి, ఆ తర్వాత వెండి చొక్కా తొడుక్కుని వచ్చి నిలబడిన ఆడవాళ్ళ గొంతులు.

"వీళ్ళు పిల్లలు కాదే," అంది కళ్ళు తెరిచి. "పెద్ద ఆడవాళ్ళు. తొందరేం లేదు వీళ్ళకి. నీరసమూ లేదు. చూడు, ఎలా ఆగి ఆగి పాడుతున్నారో, ఒక్క చోట కూడా తడబడకుండా." తర్వాత కొంచెం సిగ్గుపడి, "జలుబు చేసిందన్నాను, పాపం," అంది.

"ఇప్పుడు ఎత్తుదామా?"

"ఇప్పుడు ఎత్తుదాం."

ఆ రోజు ఎడమ కాలు నేల నుంచి లేచింది, తాళం దెబ్బకు కాదు, ఆ దెబ్బ అయిపోయి పాడే ఆమె ఊపిరి తీసుకునే చోట. అయినా లేచింది. మర్నాటికి ఊపిరికీ దెబ్బకూ మధ్యకొచ్చింది. చొక్కాలక్క దానితో మాట్లాడేది, తిట్టేది, బతిమాలేది, "రావే తల్లీ, వాళ్ళు నీ కోసం ఆగారు చూడు," అనేది. ఎవరైనా వింటే నవ్విపోతారన్న బిడియం ఏనాడో వదిలేసింది.

షాపులో టేపు రికార్డరును తిరిగి ఎదురు షాపుకు పంపేసింది. తన దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లలతో మొదట ఏం చేయించేదో అదే తానూ చేసింది. దారం తీసేసి, సూది కింద పాత పేపరు పెట్టి తొక్కింది. పేపరు మీద సూది బెజ్జాలు పాము పాకినట్టు వంకర్లు పోయాయి. మడమ జారిపోతోందని పెడలుకు వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ తానే బిగించి, పాదం అందులో దూర్చింది. పాత పేపర్లన్నీ అయిపోతే క్యాసెట్ల తమ్ముడు ఎక్కడెక్కడివో తెచ్చి పడేశాడు. తన స్క్రూ వల్ల ఇంత పనైందని లోలోపల అతనికి కొంచెం గుచ్చుకుంటున్నట్టే ఉంది, పైకి మాత్రం బెట్టు చేసేవాడు. ఎప్పుడో ఒక రోజు పేపరు మీద బెజ్జాలు ఒక చోట, కొంచెం దూరం, తిన్నగా వచ్చాయి. ఆమె ఆ ముక్క చింపి గోడకు గుచ్చింది.

ఇంతలో వీధి ఊడ్చే ఆమె ఒక సంచితో గుమ్మంలో నిలబడింది. లోపల తెల్లగుడ్డ.

"మా పాప బడికెళ్తోందక్కా, మొదటిసారి. చొక్కా నువ్వే కుట్టాలి."

"నా సంగతి నీకు తెలియదా? అవతలి వీధిలో ఇంకో టైలరు ఉన్నాడు కదా."

"ఉన్నాడు. నా చొక్కా కూడా చిన్నప్పుడు నువ్వే కుట్టావు. నాకు నువ్వు కుడితేనే."

కాదనడానికి చొక్కాలక్క నోరు తెరిచింది. తెరిచిన నోటితోనే, "కొలతలివ్వాలి, పాపని తీసుకురా," అనేసింది. ఆ పిల్ల వచ్చి కదలకుండా నిలబడింది. చొక్కాలక్క ఎడమ చేత్తో కొలతల టేపు ఒక కొస పట్టుకుని, కుడి చేత్తో రెండో కొస లాగి కొలిచింది. ఎడమ చెయ్యి టేపును వదలలేదు. కత్తిరించడానికి ఒక రోజు పట్టింది. కాలరు, గుండీల పట్టీ చేత్తోనే కుట్టుకుంది. రెండు పక్కలూ కలిపే కుట్టు మాత్రం మిషను కోసం ఉంచింది. పందెం వేసింది ఆ కుట్టు మీదే.

బడులు తెరిచే రోజు పొద్దున్నే కూతురు వచ్చింది. పనికి వెళ్ళే బట్టల్లోనే ఉంది. దారిలో షాపు ఓనరు మళ్ళీ ఫోను చేశాడనీ, ఇవాళ ఏదో ఒకటి చెప్పేస్తానని తాను మాటిచ్చాననీ చెప్పింది. తల్లి ముఖం వంక కాకుండా మిషను వంక చూస్తూ చెప్పింది. తాళంచెవి మిషను బల్ల మీద ఇద్దరికీ మధ్య పెట్టి ఉంది.

"కూర్చో," అంది చొక్కాలక్క. "ఫోనులో ఆ పాట పెట్టు."

ముందే వెతికి పెట్టిన పాటను కూతురు నొక్కింది. చిన్నప్పుడు ఈ మిషను కిందే, గుడ్డముక్కల్లో పడుకుని పెరిగిన పిల్ల ఆమె. తెలియకుండానే వేళ్ళతో బల్ల మీద దరువు వెయ్యడం మొదలుపెట్టింది. ఆ దరువు పాటకంటే ముందు పరిగెడుతోంది.

"నెమ్మదిగా వెయ్యవే," అంది తల్లి. "వాళ్ళకి తొందర లేదు. తొందరంతా మనదే."

కూతురి వేళ్ళు ఆగి, పాటను విని, మళ్ళీ మొదలయ్యాయి. చొక్కాలక్క తెల్లచొక్కా పక్కలు రెండూ కలిపి సూది కింద పెట్టింది. ఎడమ పాదం పట్టీలో దూర్చింది. కుడి చేత్తో చక్రాన్ని ముందుకు తోసి, పాడే ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగి, తొక్కింది.

మిషను నడిచింది. వెనకటిలా గలగలమని కాదు. టక్కు, టక్కు, టక్కు అని, మెట్లెక్కే మనిషిలా. చంక దగ్గర మలుపులో ఎడమ కాలు వెనకబడింది. చక్రం ఆగి వెనక్కి తిరగబోయింది. కూతురి వేళ్ళు బల్ల మీద ఆగాయి. చొక్కాలక్క కుడి అరచెయ్యి చక్రం మీద వేసి దాన్ని అలాగే ఆపి పట్టుకుంది. కింది గొంతు పైగొంతును అందుకునే చోటు వచ్చేదాకా పట్టుకుని, వదిలింది. కాలు వచ్చింది. టక్కు, టక్కు. చొక్కా అంచు సూదిని దాటి ఇవతలికి వచ్చింది. దారం తెగలేదు.

కూతురు లేచి తల్లిని గట్టిగా పట్టుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది, ఏం చేస్తోందో ఆమెకే తెలియడం లేదు. "కుట్టావమ్మా! గెలిచావు. నేనే ఓడిపోయాను, చాలా?"

చొక్కాలక్క ఆమెను మెల్లిగా పక్కకు జరిపి, చొక్కా తీసి తలుపు దగ్గరి వెలుతురుకు పట్టుకుంది. చంక దగ్గర, చక్రం ఆగిన చోట, కుట్టు ఒక నూలుపోగు అంత పక్కకి పోయింది. మామూలు కళ్ళకు కనిపించేది కాదు. కుట్టు విప్పే బ్లేడు అందుకుని, అక్కడి నుంచి ఒక్కో పోగూ విప్పడం మొదలుపెట్టింది.

"అయ్యో, ఏం చేస్తున్నావ్? గెలిచావు కదమ్మా!"

"నీ మీద గెలవడానికి కాదే కుట్టింది. ఆ పిల్ల వేసుకోవడానికి. చెయ్యి ఎత్తితే ఇక్కడ పట్టేస్తుంది." తల ఎత్తకుండానే అంది. "పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టు."

కూతురు ఫోను చేతిలోకి తీసుకునేసరికి అదే మోగింది. షాపు ఓనరు. ఆమె ఒకసారి తల్లిని చూసింది. తల్లి దారపుపోగులు దులిపి, పాదం పట్టీలో సర్దుకుంటోంది, వేరే లోకం లేదు.

"గది ఖాళీ లేదండీ," అంది కూతురు. "మా అమ్మ పనిలో ఉంది."